ఎల్మ్‌స్టో జాతరలో పెద్ద చెయ్యి

లాకప్‌లో ఉన్న మనిషి నవ్వుతున్నాడు.

ఇన్‌స్పెక్టర్ మాబీకి అది బొత్తిగా మింగుడుపడలేదు. లాకప్‌లో ఏడ్చేవాళ్ళను చూశాడు, నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళను చూశాడు, పిల్లల మీద ఒట్లేసేవాళ్ళను చూశాడు. దొంగతనం నెత్తిన పడ్డాక కూడా, విందుకొచ్చి టీ కోసం ఎదురుచూస్తున్న చుట్టంలా కాళ్ళూపుకుంటూ కూర్చున్నవాణ్ణి చూడటం మాత్రం ఇదే మొదలు.

"పెద్దాయనా, మధ్యాహ్నం పన్నెండింటికి ఏం జరగాలో గుర్తుందా మీకు?"

"జరిపించేవాణ్ణి నేనైతే, నన్నే అడుగుతున్నావా?" అన్నాడు ఎనక్ పింకాట్. "మీ నాన్న బేకరీ ముందు నిలబడి నోరు తెరుచుకుని చూసేవాడివి. ముక్కు కారుతుండేది నీకు."

గుమ్మం బయట కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మాబీ చెవులు ఎర్రబడ్డాయి. సొంత ఊళ్ళో పోలీసుద్యోగం చేసేవాడికి ఇదే తంటా. వాడు ముద్దాయి గుట్టు లాగబోతే, ముద్దాయి వాడి చిన్నతనాన్ని లాగుతాడు.

ఎనక్ ఎల్మ్‌స్టో ఊరి గంటమనిషి. గంట కొట్టి చాటింపు వెయ్యడం, సంత మండపం తాళంచెవి దగ్గర పెట్టుకోవడం, ఏటా అక్టోబరు జాతరలో మొదటిరోజున పెద్ద చెయ్యిని గడ మీదికి లాగడం ఆయన పని. పెద్ద చెయ్యి అంటే తోలుతో కుట్టిన చేతి తొడుగు. మేకపిల్లంత ఉంటుంది, మణికట్టు దగ్గర బంగారు జరీ అంచు. మధ్యాహ్నం పన్నెండు గంటలు మోగి ఆగేలోగా అది గడ చివరికి చేరితే జాతర మొదలైనట్టు. అది పైన ఉన్న మూడు రోజులూ ఊరి నడుమ సంత జరిగే చౌకు చుట్టూ కట్టిన తాడు లోపల ఎవరినీ అరెస్టు చెయ్యకూడదు, వాడు ఎంత పాపం చేసినవాడైనా సరే. ఏ ఏడైనా చెయ్యి లేవలేదో, అంతే సంగతులు. ఎప్పుడో రాజుగారు ఊరికిచ్చిన సంత హక్కు తిరిగి జమీందారు ఎస్టేటుకు పోతుంది. ప్లేగు వచ్చిన ఏడు ఒంట్లో ఓపిక మిగిలిన నలుగురే వచ్చి లేపారట. మొన్నటి యుద్ధంలో బాంబు పడి చర్చి కిటికీలన్నీ రాలిపోయిన మర్నాడు గాజుపెంకుల మీద నిలబడి మరీ లేపారు. హిట్లరు వల్ల కానిది నిన్న సాయంత్రం ఎవరో చేసేశారు. మండపంలోంచి చెయ్యి మాయమైంది. ఈ పొద్దున ఎనక్ వంటింటి పొయ్యిలో దాని బూడిద దొరికింది.

ఎస్టేటు మేనేజరు క్రాండల్ అప్పుడే చౌకు కొలవడానికి మనుషుల్ని దింపాడు. సంత పోతే అక్కడ కార్లు నిలిపే స్థలం కట్టిస్తాడట.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?" మాబీ అడిగాడు.

"చౌకులో. మా డోర్కస్‌కి అంగడి కట్టిపెడుతున్నా."

"తాళంచెవి?"

"కోటు జేబులో. కోటు మండపం మెట్ల మీద. దుంగలు మోస్తూ కోటెవడు తొడుక్కుంటాడయ్యా?"

"మరి మీ పొయ్యిలోకి బూడిదెలా వచ్చింది?"

"నాకేం తెలుసు? మా ఇంటికి తాళం వేసిన పాపాన పోలేదు."

"ఆ బూడిద చూశారా?"

ఎనక్ నవ్వు ఇంకాస్త విచ్చుకుంది. "చూశా. ఆ లండన్ బాబు పళ్ళెంలో పెట్టి, ముక్కు దగ్గరికి తెచ్చి మరీ చూపించాడు. అప్పటిదాకా నా ప్రాణం ప్రాణంలో లేదు. చూశాక కుదుటపడింది."

"కుదుటపడిందా! ఎందుకు?"

"అది చెప్పకూడదు. గంట చేతికి తీసుకున్న రోజున ఒట్టేశాను. అడక్కు మాబీ. పన్నెండింటికి నన్ను గడ దగ్గరికి చేర్చు, చాలు."

అనేసి ముసలాయన మళ్ళీ కాళ్ళూపుకోవడం మొదలుపెట్టాడు.

*

లండన్ బాబు అంటే ఇన్‌స్పెక్టర్ హేల్. లండన్‌లో పేరు తెచ్చుకుని, జిల్లా కేంద్రానికి బదిలీ మీద వచ్చినవాడు. తెలివైనవాడే, కాదనడానికి లేదు. కానీ ఆ తెలివి తనకొక్కడికే ఉందనుకుంటాడు. మాబీ వెళ్ళేసరికి ఎనక్ వంటింట్లో, పొయ్యి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమన్నాడు మీ ముసలాడు?"

"నవ్వుతున్నాడు."

"నవ్వనీ. తాళంచెవి వాడిది, పొయ్యి వాడిది, బూడిద వాడిది. దొంగ మాత్రం వేరేవాడంటావా?"

"ఆ చెయ్యి లేకపోతే ఆయనకు బతుకే లేదు హేల్. సొంత పొయ్యిలో ఎందుకు తగలబెట్టుకుంటాడు?"

"ముసలితనం. లేదా అలక. కారణాలు కోర్టులో వెతుక్కుంటారులే. పదకొండున్నరకి వ్యాను వస్తుంది, జిల్లా జైలుకి తోలేస్తున్నా."

"పన్నెండు దాటేదాకా ఆగు."

"ఒక తోలు తొడుగు కోసం సర్కారు వ్యాను ఆపాలా? మీ ఊరి పిచ్చి నాకంటించకు మాబీ."

మాబీ పళ్ళు నూరుకుని, పళ్ళెంలోకి వంగాడు. బూడిద, కరిగి ముద్దయిన జరీ, నల్లటి ఉన్ని ఉండలు. వాటి మధ్య సగం కాలిన తోలుముక్క ఒకటి, బొటనవేలు ఆకారంలో. తీసి కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు. కుట్టు ముద్దుగా ఉంది, రెండు సూదులతో ఎదురెదురుగా కుట్టింది. కాలని కొసన దారం తెల్లగా, మైనం వేలికి జిగటగా తగిలింది. మాబీ ముక్కను రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడే డోర్కస్ లోపలికొచ్చింది. ఎనక్ భార్య. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. పొద్దున్నించీ ఈ గదిలోకి రానివ్వలేదు ఆమెను. పళ్ళెం చూడగానే గొల్లుమంది. ఏడుస్తూ ఏడుస్తూనే రెండు చేతులూ బూడిదలో పెట్టి, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వేళ్ళతో జల్లించింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

ఏడుపు ఆగిపోయింది.

చేతులు గౌనుకు తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, "అయ్యో, పొద్దెక్కిపోయింది. అంగడికి పోవాలి. అల్లం బిస్కెట్లు సర్దనేలేదు" అంది.

హేల్ నోరెళ్ళబెట్టాడు. "మొగుడు జైలుకి పోతుంటే అంగడా?"

"జాతర కదండీ" అని బుట్ట చంకన పెట్టుకుని పెరటి తలుపు వైపు నడిచింది.

"మొగుడూ పెళ్ళాలిద్దరికీ కలిపి తిక్క పట్టింది" అన్నాడు హేల్.

మాబీ ఆమె వెంట పడ్డాడు. పెరటి గేటు దగ్గర అడ్డం నిలబడి, "అమ్మా, ఆ బూడిదలో ఏం వెతికావు?" అని అడిగాడు.

"ఏమీ లేదు నాయనా."

"వెతికింది దొరకలేదు నీకు. దొరకనందుకే ఏడుపు మానేశావు."

డోర్కస్ గేటు గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయింది. "మీరు షాపులవాళ్ళు నాయనా. మీ నాన్న ఎన్నడూ చౌకులో అంగడి పెట్టినవాడు కాదు. మీకు చెప్పేది కాదు ఇది."

షాపులవాళ్ళు, సంతవాళ్ళు. ఒకే చౌకులో ఎదురెదురుగా బతుకుతూ, ఒకే చర్చిలో పెళ్ళిళ్ళు చేసుకుంటూ, తరాల తరబడి ఒకరినొకరు ఓరకంట చూసుకునే రెండు జాతులు. మాబీకి ఒక్కసారిగా బేకరీ గుమ్మం గుర్తొచ్చింది. పైన గాలికి ఊగే పెద్ద చెయ్యి, దానితోపాటు గలగలమని ఒక చప్పుడు. గడకున్న గొలుసు మోగుతోందని నాన్న చెప్పేవాడు. మాబీ పెద్దయ్యాక ఆ గడను ఎన్నోసార్లు దగ్గర్నించి చూశాడు. దానికి ఉండేది తాడు. గొలుసు లేనే లేదు.

"నిప్పులో వేసినా కాలనిదేదో ఉందందులో" అన్నాడు నెమ్మదిగా. "గాలికి మోగేది అదే. ఔనా?"

డోర్కస్ కళ్ళలో మళ్ళీ నీళ్ళు తిరిగాయి. "సరే, ఒట్టు తీసి గట్టున పెడుతున్నా. నా మొగుడి కోసం. సంతలో కొత్తగా అంగడి పెట్టినవాడు తన పనిలోది ఒకటి దాంట్లో పెట్టాలి. ఎనక్ కుట్టు విప్పి, పెట్టించి, మళ్ళీ కుట్టేస్తాడు. కమ్మరులు పెట్టిన మేకులున్నాయి, గొర్రెలవాళ్ళు పెట్టిన గంటలున్నాయి. మా అమ్మ బిస్కెట్లు ఒత్తిన ఇత్తడి అచ్చు కూడా ఉంది. ఆ బూడిదలో ఒక్క మేకైనా ఉందా? చెప్పు!"

"లేదు. అంటే కాలింది మన చెయ్యి కాదు."

"కాదంటే కాదు" అంటూ ఆమె అతని చెంప మీద ఒక్కటి తట్టింది. బూడిద అంటుకుంది. "ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? పోయి తీసుకురా!"

మాబీ వంటింట్లోకి తొంగిచూశాడు. "హేల్, అది నకిలీది. అసలు చెయ్యి ఊళ్ళోనే ఎక్కడో క్షేమంగా ఉంది."

"రుజువేది?"

"తెస్తా."

"పదకొండున్నరలోపు తే" అన్నాడు హేల్ గడియారం చూసుకుంటూ. "వ్యాను మాత్రం ఆగదు."

*

ఊళ్ళో జీనులు కుట్టే షాపు ఒక్కటే. రూబెన్ లవెట్‌ది. ఈ ఏడు సంత పెద్దగా ఊరు ఎన్నుకున్నది కూడా అతన్నే. తలుపు సగం మూసి ఉంది. లోపల లవెట్ అద్దం ముందు నిలబడి, సంత పెద్ద వేసుకునే ఎర్ర అంగీ మీద వెండి హారం సర్దుకుంటున్నాడు. కిటికీలో, ఎప్పట్లాగే, నిలువెత్తు కొయ్యగుర్రం జీను కట్టుకుని నిలబడి ఉంది.

"చెయ్యే లేదు కదా రూబెన్, ఈ వేషం దేనికి?"

"ఖాళీ గడ దగ్గరికైనా ఎవరో ఒకరు వెళ్ళాలిగా" అన్నాడు లవెట్ అద్దంలోంచి చూపు తిప్పకుండా.

మాబీ తోలుముక్క తీసి బల్ల మీద పెట్టాడు. "కుట్టు బాగుంది. ఎవరి పనంటావు?"

"పాతకాలం పనివాళ్ళు..."

"పాతకాలం మైనం ఇంకా వేలికి అంటుకుంటోందే!"

లవెట్ ఆ ముక్క వైపు చూశాడు గానీ ముట్టుకోలేదు.

"బయటివాడైతే ఏం చేసేవాడు?" అన్నాడు మాబీ. "అసలు చెయ్యినే పొయ్యిలో పడేసి, చేతులు దులుపుకుని పోయేవాడు. వాడికదొక తోలుముక్క. నకిలీది కుట్టి, జరీ అతికి, దాన్ని తగలబెట్టేంత శ్రమ ఎవడు పడతాడు? అసలుదాన్ని కాల్చడానికి చేతులు రానివాడు. ఇక్కడ పుట్టినవాడు. నాకూ చేతులు రావు రూబెన్. అందుకే నేరుగా నీ దగ్గరికొచ్చాను."

లవెట్ ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"క్రాండల్... ఈ వరస ఇళ్ళన్నీ ఎస్టేటువే కదా. అన్నీ కూలగొట్టిస్తానన్నాడు. నా షాపొక్కటే ఉంచుతానన్నాడు. మా తాత పెట్టిన షాపు మాబీ. కాకపోతే చెయ్యిని వాడి కళ్ళముందే కాల్చాలన్నాడు. సరేనని నకిలీది కుట్టాను. అసలుది ఏదో ఒకనాడు ఊరికి ఇచ్చేద్దామని..."

"ఎనక్ పొయ్యిలోనే ఎందుకు?"

"క్రాండలే అక్కడికి రమ్మన్నాడు. వాళ్ళింటికి తాళం ఉండదు కదా. నేరం ముసలాయన మీద పడుతుందని నాకు తెలీదని చెప్పను. తెలుసు." లవెట్ వెక్కివెక్కి ఏడ్చాడు. "తెలిసే చేశాను."

మాబీకి ఒళ్ళు మండింది. చాచి కొట్టాలనిపించింది. అంతలోనే ఆ తోలుముక్క మీది కుట్టు కంటబడి, మనసు ఇంకోలా అయింది. "ఎక్కడుంది?"

లవెట్ కొయ్యగుర్రం వైపు చూపించాడు. మాబీ దాన్ని భుజంతో ఒక్క తోపు తోశాడు. గుర్రం కడుపులోంచి గలగలమని వినిపించింది. చిన్నప్పటి చప్పుడే.

"దీన్ని మోసుకొస్తుంటే దారంతా అలాగే మోగింది" అన్నాడు లవెట్ కళ్ళు తుడుచుకుంటూ. "ప్రాణమున్నదేమోనని ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అప్పటికే క్రాండల్ పొయ్యి రాజేసి కూర్చున్నాడు, ఆలోచించే వ్యవధి లేదు. ఏముంది మాబీ లోపల?"

"మన షాపులవాళ్ళకి చెప్పేది కాదట. లే. పట్టు ఒక పక్క."

*

పోలీసు వ్యాను చౌకు మూలన ఇరుక్కుపోయి ఉంది. జాతరకు తోలుకొస్తున్న గొర్రెలు సందంతా నిండిపోయాయి. హేల్ కిందికి దిగి, మెరిసే బూట్లతో గొర్రెల మధ్య నిలబడి, "తప్పుకోండి! పోలీసు! తప్పుకోండి!" అని అరుస్తున్నాడు. గొర్రెలు పట్టించుకోలేదు. వ్యాను వెనక జాలీలోంచి ఎనక్ గొర్రెల కాపరికి ఏ దారిన రావాలో చేత్తో సైగలు చేస్తున్నాడు. అది వ్యానుకు దారి ఇచ్చే సైగ మాత్రం కాదు.

తాడు లోపల ఊరంతా ఉంది. అంగళ్ళు కట్టి ఉన్నాయి గానీ ఎవరూ సరుకు మీద గుడ్డ తియ్యలేదు. గడ కింద క్రాండల్ జేబుగడియారం చేత పట్టుకుని నిలబడ్డాడు.

మాబీ, లవెట్ దుప్పటి మూట మోసుకుంటూ జనాన్ని తోసుకుని వచ్చారు. గడ దగ్గర మూట దింపి, మాబీ దుప్పటి లాగేశాడు. జరీ అంచు తళుక్కుమంది. జనంలో ఎవరో పెద్దగా ఏడ్చేశారు.

క్రాండల్ మొహం పాలిపోయింది. లవెట్ వైపు తిరిగి, "ఇదెక్కడిది? నా కళ్ళముందే కదా పొయ్యిలో పడేశావు!" అన్నాడు.

అన్నాక నోరు మూసుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. చౌకంతా వినేసింది.

హేల్ తెలివైనవాడని ముందే చెప్పుకున్నాం. గొర్రెల్ని దాటి, తాడు దాటి, నాలుగు అంగల్లో వచ్చి క్రాండల్ కాలరు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే చర్చి గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది.

"హేల్! వ్యాను తాళం ఇలా పడెయ్!" మాబీ కేక పెట్టాడు.

"ముందు వీణ్ణి తాడు బయటికి తీసుకుపోనీ! ఆ తొడుగు పైకెళితే మీ చట్టం ప్రకారం వీణ్ణి వదిలెయ్యాలి కదా?"

"వాణ్ణి తరవాతైనా పట్టుకుంటాం. ఇది ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేవదు!"

గంట మోగుతూనే ఉంది. హేల్ క్రాండల్‌ను చూశాడు. గడను చూశాడు. చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనుషుల్ని చూశాడు. "ఈ ఊరు నన్ను పిచ్చివాణ్ణి చేసేస్తుంది" అంటూ రెండో చేత్తో తాళాలు విసిరాడు. డోర్కస్ గాల్లోనే అందుకుని పరిగెత్తింది.

ఎనక్ ఆ వయసులో ఎలా పరిగెత్తుకొచ్చాడో, తాడు ఎలా ముడివేశాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆఖరి గంట గాల్లో ఉండగానే పెద్ద చెయ్యి గడ చివరికి తగిలి, ఒళ్ళు విరుచుకున్నట్టు గలగలమంది.

"చెయ్యి లేచిందహో! జాతర మొదలైందహో! చెయ్యి దిగేదాకా ఎవరినీ పట్టరాదహో!"

అంగళ్ళ మీద గుడ్డలన్నీ ఒక్కసారే ఎగిరాయి. కేరింతలు మిన్నంటాయి. మాబీ కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

"కాలరు వదిలెయ్ హేల్."

హేల్ వదిలేశాడు, వేలు వెంట వేలు తీస్తూ. క్రాండల్ టై సవరించుకుని నవ్వాడు. ఏ చెయ్యిని తగలబెట్టించాలనుకున్నాడో, అదే ఇప్పుడు వాడికి గొడుగు పట్టింది.

"ఉండండి మేనేజరుగారూ, మూడు రోజులు హాయిగా ఉండండి" అంది డోర్కస్ బిస్కెట్లు పేరుస్తూ. "రాత్రికి వానొచ్చేలా ఉంది. పక్కేసుకోవడానికి గొర్రెల దొడ్డి ఒక్కటే ఖాళీ. మా బిస్కెట్లు మాత్రం మీ వరకూ మిగలవు."

హేల్ తాడు బయటికి నడిచి, ఒక కుర్చీ అడిగి తెప్పించుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. "నాకేం తొందర లేదు" అన్నాడు. క్రాండల్ నవ్వు సగంలో ఆగిపోయింది.

లవెట్ మెడలోంచి వెండి హారం తీసి గడ మెట్టు మీద పెట్టి, తాడు వైపు నడిచాడు.

"లోపలే ఉండు రూబెన్" అన్నాడు మాబీ. "నిన్ను కూడా ఎవరూ ముట్టుకోరు."

"తెలుసు. ఎనక్ నా మూలాన లాకప్‌లో కూర్చున్నాడు. నేను ఆ చెయ్యి చాటున దాక్కుంటే ఇంకేం మిగిలింది?" కాలెత్తి తాడు దాటి, హేల్ ముందు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

"రూబెన్!" ఎనక్ వెనకనుంచి పిలిచాడు. రొప్పుతూ తాడు దాకా వచ్చాడు. ముసలాయన మొహంలో కోపం ఉంది, నవ్వూ ఉంది. "నీ దబ్బనం ఒకటి ఇచ్చి పో. చెయ్యి దించాక కుట్టు విప్పుతాను."

లవెట్‌కు అర్థం కాలేదు. అయినా కోటు మడతలో గుచ్చుకున్న దబ్బనం తీసి ఇచ్చాడు. డోర్కస్ అది చూసి ఒక్క క్షణం ముఖం గంటు పెట్టుకుని, తరవాత ఒక అల్లం బిస్కెట్టు తెచ్చి లవెట్ జేబులో కుక్కింది.

హేల్ బేడీలు వేస్తూ మాబీ వైపు తిరిగాడు. "ఆ సూది దేనికి?"

పైన గాలికి పెద్ద చెయ్యి గలగలమంది. మాబీ తలెత్తి, బేకరీ గుమ్మంలో నిలబడ్డ పిల్లాడిలా దాన్నే చూస్తూ, "నువ్వు బయటివాడివి హేల్. నీకు చెప్పేది కాదు" అన్నాడు.